అద్దె కారులో ముందు సీటు

పోయిన నవంబరు రెండో శనివారం, పొద్దున ఏడుంపావు. ఇది మస్కట్ గడియారం లెక్క. మన దగ్గర అప్పటికి ఎనిమిదీ ముప్పావు అయి ఉంటుంది. ఆ సమయానికి నేను అద్దెకు తీసుకున్న కారులో ముందు సీట్లో, మా ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికే ఆ సీటు పోయింది. ఎట్లా పోయిందో మా ఆయన భూపాలపల్లిలో ఎవరికీ చెప్పడు. చెప్పేది ఇంకో తీరుగా చెప్తాడు. అందుకని నేను రాస్తున్నాను.

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న హాల్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు బడి పెట్టారు. బ్యాంకులో వేలిముద్ర వేసిన ప్రతిసారీ ఆ సిరాను గోడకు తుడవమనేవాళ్ళు. ఆ గోడ చూస్తే నాకు రోత పుట్టేది. అందుకని పోయాను, చదువు మీద ప్రేమతో కాదు. మొదట్లో ముప్పైమందిమి ఉన్నాం, చివరికి ముగ్గురం మిగిలాం. పాస్‌పోర్టుకు సంతకం తెలుగులో పెట్టాను. అక్కడి అమ్మాయి ఇంగ్లీషులో రాదా అని అడిగింది. నా పేరు తెలుగుదే అని చెప్పాను.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. పుట్టింది తొర్రూరు దగ్గర పల్లె. అక్కను జనగామకు ఇచ్చారు, నన్ను భూపాలపల్లికి, చెల్లెను మానుకోటకు. అక్క మొగుడు, మా పెద్ద బావ, హెడ్మాస్టరుగా రిటైర్ అయ్యాడు. ఇంట్లో కూడా ఆయన బెంచీల ముందు నిలబడినట్టే మాట్లాడతాడు. చెల్లె మొగుడు, మా మరిది, ఎరువుల దుకాణం నడుపుతాడు. కారు ఉన్నది, కానీ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిలో డంపర్ ఆపరేటరు. ఇల్లంత బండి తోలి తోలి రిటైర్ అయ్యాడు. మాకు ఒక మోటర్‌సైకిల్ తప్ప సొంత బండి లేదు.

పెండ్లయిన కొత్తలో మా ఆయన ఏం తోలుతాడో నాకు తెలియదు. లారీ అనుకున్నాను. బాయిలోకి ఆడవాళ్ళను రానివ్వరు, బండి బయటికి రాదు. ఆయన పని నాకు వినబడేది గాని కనబడేది కాదు. మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగితే మా గూట్లో గిన్నెలు కదిలేవి. చొక్కా ఉతికితే నీళ్ళు నల్లబడేవి. అంతవరకే నాకు తెలిసిన డంపరు. ఒక ఏడాది కార్మికుల కుటుంబాలను బస్సులో తీసుకుపోయి, గుట్ట మీది నుంచి బాయిని చూపించారు. కింద బండ్లు అగ్గిపెట్టెల్లా పాకుతున్నాయి. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళంతా అదిగో మా ఆయన బండి, అదిగో మా ఆయన బండి అని చూపుకుంటున్నారు. నేను కూడా ఒకదాన్ని చూపించాను. ఇంటికొచ్చి చెప్తే ఆయన నవ్వాడు. ఆ పూట తన బండి రిపేరుకు పోయిందట, తను షెడ్డులో కూర్చుని ఉన్నాడట.

అప్పటి నుంచి నాకు ఒక్కటే కోరిక. ఆయన తోలుతుంటే పక్కన కూర్చోవాలి. బంగారం అడగలేదు, పట్నంలో ప్లాటు అడగలేదు. ఆయన కాళ్ళూ చేతులూ ఏం చేస్తాయో పక్క నుంచి చూడాలి, ఆయన చూసే తోవ నేనూ చూడాలి. దీంట్లో ఏముంది అని ఎవరన్నా అంటే, ఏమీ లేదు. ఏమీ లేనిదే ఇన్నేండ్లు దొరకలేదు.

మానుకోటలో చెల్లె మనవరాలికి పుట్టువెంట్రుకలు తీసిన రోజు ఈ ప్రయాణం మాట పుట్టింది. ముగ్గురు తోడల్లుళ్ళూ అన్నం తిని చాప మీద ఒరిగి, ఎక్కడికన్నా విదేశం పోదాం అనుకున్నారు. మరిది దుకాణానికి వచ్చే ఒకాయన మస్కట్ పోయివచ్చాడట. రోడ్లు అద్దంలా ఉంటాయట, కారు అద్దెకిస్తారట, మనమే తోలుకోవచ్చట. పెద్ద బావ టికెట్లు, వీసాలు, ఉండే ఇల్లు అన్నీ తన మీద వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన లేకపోతే మేం విమానం ఎక్కేవాళ్ళం కాదు. ఆయనకు బండి తోలడం రాదు. అందుకని మా ఆయన, మరిది ఇద్దరూ విదేశంలో తోలడానికి పర్మిట్లు తీసుకున్నారు. మా ఆయన డంపరు నుంచి కారుకు దిగాలి కదా, కాలనీలో ఒక టాక్సీ ఆయన దగ్గర బండి తీసుకుని పరకాల రోడ్డు మీద నాలుగు సాయంత్రాలు తోలి చూసుకున్నాడు. నేనూ వస్తానన్నాను.

"నేర్చుకునేకాడ ఆడోళ్ళెందుకే," అన్నాడు. "అక్కడ కూసుందువు తియ్యి. వారం దినాలు నా పక్కనే కూసో, దిగకు."

అదీ ఆయన ఇచ్చిన మాట. నేను దాన్ని మనసులో పెట్టుకుని విమానం ఎక్కాను.

మస్కట్ విమానాశ్రయంలోనే కార్లు ఇచ్చే కౌంటరు ఉన్నది. పెద్ద బావ కాగితాల పని చేస్తున్నంతసేపు మా ఆయన బయట బండి చుట్టూ తిరిగాడు. ఏడుగురు పట్టే తెల్ల బండి. వంగి కింద చూశాడు, టైర్లను కాలితో తన్ని చూశాడు, ముందు మూత ఎత్తించి నూనె పుల్ల తీసి చూశాడు. కౌంటరు పిల్లవాడు గడియారం చూసుకున్నాడు. పెద్ద బావకు సిగ్గయింది.

"ఏంది తమ్ముడా, ఎడ్లను కొంటున్నవా? పండ్లు గూడ చూడరాదా," అన్నాడు.

అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు గాని, చూడటం ఆపలేదు. అది ఆయన ఉద్యోగం నేర్పిన పద్ధతి. డంపరు ఎక్కే ముందు చుట్టూ తిరిగి, కింద చూసి, అప్పుడు ఎక్కాలి. ఎక్కినాక గట్టిగా హారన్ కొట్టి, ఆగి, అప్పుడు కదిలించాలి. మేడ మీద కూర్చున్నంత ఎత్తున ఉంటాడు ఆపరేటరు. టైరు పక్కన మనిషి ఉంటే కనబడడు. ఎండాకాలంలో ఆ టైరు నీడన కూర్చుని సద్ది తినేవాళ్ళు ఉంటారు, కునుకు తీసేవాళ్ళు ఉంటారు. ఇంకో షిఫ్టులో ఒకాయన హారన్ కొట్టకుండా బండి కదిలించాడు. మా క్వార్టర్ల వెనక లైనులో ఉండే మనిషి టైరు కింద పోయాడు. ఆ ఇంటికి నేనూ పోయాను. ముఖం చూడనివ్వలేదు. ఆ తరవాత మా ఆయన మోటర్‌సైకిల్‌ను కూడా హారన్ కొట్టకుండా కదిలించలేదు. మా లైనులో అందరికీ అలవాటే, ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి రోజు మరిది తోలాడు. అక్కడ స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది, బండ్లు కుడి పక్కన పోతాయి. పాపం, మలుపు తిరిగేటప్పుడు లైటు వేద్దామని చెయ్యి వేస్తే ప్రతిసారీ వైపర్లు లేచి ఎండిన అద్దాన్ని రుద్దేవి. చెల్లె వెనక నుంచి, వాన పడుతున్నదా అని అడిగేది. ఇంటికి చేరేసరికి మరిది చొక్కా తడిసింది. రేపటి నుంచి అన్ననే తోలాలి, నాతోని కాదు అని తాళం మా ఆయన చేతిలో పెట్టాడు. డంపరుకు కూడా స్టీరింగు ఎడమనే ఉంటుంది కాబట్టి మా ఆయనకు అది కొత్త కాదు. నాకు లోపల సంతోషం అయింది. నా రోజు వచ్చింది అనుకున్నాను.

రాలేదు. రెండో రోజు పెద్ద బావ ఫోను పట్టుకుని పోయి ముందు కూర్చున్నాడు. తోవ చూపేవాళ్ళు ముందు ఉండాలట. ఫోనులో తోవ ఇంగ్లీషులో చెప్తుంది, దాన్ని విని ఆయన మా ఆయనకు తెలుగులో చెప్తాడు. లెఫ్టు తమ్ముడా, స్ట్రెయిట్ తమ్ముడా. అక్కకు మోకాళ్ళ నొప్పులు, మధ్య సీట్లో కాళ్ళు చాపుకోవాలి. చెల్లెకు చివరి సీటంటే వాంతులు. దాని పక్కన మొగుడు ఉండాలి. మిగిలింది చివరి సీటు, సంచులు, నేను. మూడో రోజూ అంతే. రాత్రికి మా ఆయనతో అన్నాను, మాట ఇచ్చినవు గదా అని. రేపు నువ్వే కూసో, బావకు నేను చెప్తా అన్నాడు.

ఆ రేపే శనివారం. సముద్రం ఒడ్డున సూర్ అనే ఊరికి పోవాలి. రెండు గంటల దారి. పొద్దున లేచి అందరికంటే ముందు దిగి, బండి దగ్గరికి పోయి ముందు సీట్లో కూర్చున్నాను. బెల్టు కూడా పెట్టుకున్నాను. మా ఆయన వచ్చి చూశాడు, ముఖం వెలిగింది. ఆ ఏడుంపావు నాకు బాగా గుర్తున్నది. బండిలో గడియారం నా ముందే వెలుగుతున్నది.

పెద్ద బావ మిగతావాళ్ళను తోలుకొచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"నువ్వు గీడ కూసున్నవేంది?"

"ఇయ్యాల నేను కూసుంట బావా. నువ్వు ఎన్కకెల్లి చెప్పు."

మా ఆయన చెప్తాడని చూశాను. ఆయన బండి కింద చూస్తున్నాడు. బావ ఒక నవ్వు నవ్వి మధ్య సీట్లో, అక్క పక్కన కూర్చున్నాడు. మరిది లేచి చివరి సీటుకు పోయాడు. నేను సంచులు మోయకపోవడం అదే మొదటిసారి.

మా ఆయన తన తిరుగుడు ముగించి ఎక్కాడు. అద్దాలు సర్దాడు. ఇంజను మొదలుపెట్టి హారన్ కొట్టాడు. బాయిలో కొట్టినట్టు, గట్టిగా, పొడుగ్గా.

ఆ సందులో అన్నీ రెండంతస్తుల ఇండ్లు. చెట్టు లేదు, కుక్క లేదు, మనిషి అలికిడి లేదు. ఆ హారన్ గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. పక్కింటి తలుపు తెరుచుకుని లుంగీ మీద ఒకాయన వచ్చాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం చేయలేదు. చేతులు జోడించి హిందీలో చెప్పాడు. ఆయన ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఆరింటికి వచ్చి పడుకుంటాడట. మూడు రోజుల నుంచి సరిగ్గా కన్ను అంటుకునే సమయానికి ఈ హారన్ మోగుతున్నదట. దయచేసి కొట్టకండి అన్నాడు.

ఆయన అడిగింది న్యాయమే. నాకు తల తీసినట్టు అయింది. రాత్రి షిఫ్టు మనిషి నిద్ర అంటే ఏందో నాకు తెలియదా? మా ఆయన పడుకుంటే నేను గిన్నె చప్పుడు కాకుండా తోమిన రోజులు ఎన్నో. పిల్లలు గోలీలు ఆడితే కర్ర పట్టుకుని తరిమేదాన్ని. మా ఆయన కిందికి దిగి ఆయనకు దండం పెట్టాడు. మాఫ్ చేయమన్నాడు. ఆయన లోపలికి పోయాడు. అక్కడితో అయిపోవలసింది.

పెద్ద బావ ఊరుకోలేదు.

"తమ్ముడా, ఇది బొగ్గుబాయి కాదు. అక్కడ మట్టి మోసినవు, ఇక్కడ మనుషులను తోలుతున్నవు. ఆ తేడా తెల్వాలె."

మట్టి మోసినవు అన్నాడు. మా ఆయన ఏమన్నా అంటాడేమో అని చూశాను. ఆయన మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. హారన్ లేకుండా తియ్యి అన్నా, అంతే గదా అని మరిది వెనక నుంచి మెల్లగా అన్నాడు. అంతే గదా. ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. బండి గురగురమంటున్నది. ముందు అద్దంలో చూశాడు, పక్క అద్దంలో చూశాడు. చెయ్యి హారన్ మీదికి పోయింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. బ్రేకు మీది నుంచి కాలు లేవడం లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనబడుతున్నది. మెడ మీద చెమట పట్టింది, లోపల ఏసీ నడుస్తుండగానే. వెనక కూర్చున్నవాళ్ళకు ఏమయిందో తెలియదు. బండి చెడిపోయిందా అని అక్క అడిగింది.

"ఒగని మీదికి ఎక్కిచ్చినట్టు అయితుందే," అన్నాడు నాకు ఒక్కదానికే వినబడేటట్టు.

అప్పుడు నేను చేసిన పని ఇది. బెల్టు తీశాను. "నేను దిగి చుట్టు చూస్త. ఎవ్వలు లేరని చెయ్యెత్తుత. నా చెయ్యి చూసి తియ్యి," అన్నాను. ఆయన తల ఊపాడు. దిగాను. మొదట నా పక్క టైర్లు చూశాను. వెనకకు పోయి వంగి కింద చూశాను. అటు పక్కకు తిరిగి ఆ టైర్లు చూశాను. పిల్లి కూడా లేదు. వెనకాల ఉన్నప్పుడు తలుపు తెరుచుకుని మళ్ళీ పడిన చప్పుడు వినబడింది. ఎవరో గాలి కోసం తీశారనుకున్నాను. తిరిగి బండి ముందుకు, నాలుగు గజాల దూరం పోయి నిలబడ్డాను.

అద్దంలో నుంచి చూస్తే మా ఆయన పక్కన పెద్ద బావ కూర్చుని ఉన్నాడు. బెల్టు పెట్టుకుంటున్నాడు. ఫోను చేతిలో ఉన్నది.

నా చెయ్యి ఇంకా లేవలేదు. ఎత్తకపోతే బండి కదలదు. ఆ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎత్తకుండా అక్కడే నిలబడి, బావా దిగు అని అనవచ్చు. కాని మా ఆయన నా చేతి వంకే చూస్తున్నాడు. పక్క సీట్లో ఎవరున్నారో ఆయనకు ఆ క్షణంలో అక్కర లేదు. ఐదుగురి ముందు బండి కదిలించలేకపోయిన మనిషి ఆయన. నేను చెయ్యి ఎత్తకపోతే మిగిలిన పరువు కూడా పోతుంది. మట్టి మోసినవాడు మట్టే మోయాలి అన్న మాట నిజమైపోతుంది.

ఎత్తాను. రమ్మన్నట్టు ఊపాను.

బండి కదిలింది. మెత్తగా, పాలు పొంగకుండా దించినట్టు కదిలింది. నేను పక్కకు జరిగాను. ఏమీ కాలేదు. టైరు కింద ఎవరూ పడలేదు. మా ఆయన ముఖం చూశాను, పసిపిల్లవాడు మొదటి అడుగు వేసినప్పటి ముఖం అది. ఆయన తోలగా నేను మొదటిసారి ఎదురుగా, కండ్లారా చూసింది అదే, బండి బయట రోడ్డు మీద నిలబడి.

సందు చివర ఆగారు. నడిచి పోయి ముందు తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్ద బావ అద్దం కొంచెం దించాడు. వెనక నుంచి ఫోను సరిగ్గా వినబడుతలేదు, లేటయింది, జల్ది ఎక్కు అన్నాడు. ఆయన కంటికి నేను తోవ అడిగే మనిషిలా కనబడ్డాను కావచ్చు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూశాడు.

"ఎన్కకు ఎక్కే," అన్నాడు మా ఆయన. "పొద్దెక్కుతున్నది."

బావ అన్న మాట నాకు తగలలేదు. ఇది తగిలింది.

చెల్లె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పోనీ అక్కా, ఏ సీటయితే ఏంది అన్నది. దాని మొగుడు చివరి సీటు ఖాళీ చేసి మళ్ళీ దాని పక్కకు వచ్చాడు. అక్క కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నది. దానికి అంతా తెలుసు. నలభై ఏండ్లు హెడ్మాస్టరుతో కాపురం చేసింది, ఎప్పుడు చూడకూడదో నేర్చుకున్నది.

సూర్ దాకా సముద్రం పక్క నుంచే రోడ్డు. మా ఆయన ఎంత చక్కగా తోలాడంటే, మెలికల దగ్గర కూడా చెల్లెకు వాంతి రాలేదు. చిన్న బావ తోల్తుంటే కడుపుల సల్ల కదల్తలేదు అని మెచ్చుకున్నది. పెద్ద బావ కూడా, చెయ్యి మంచిగున్నది తమ్ముడా అన్నాడు. మా ఆయన భుజాలు విప్పారాయి. నాకు వెనక నుంచి అవే కనబడ్డాయి, భుజాలు, మెడ, నెరిసిన జుట్టు. తోవ నాకు కనబడలేదు. సంచుల మీద చెయ్యి వేసుకుని, పక్క కిటికీలో నుంచి పోయేవాటిని చూశాను. పోయేవే కనబడ్డాయి, వచ్చేవి కనబడలేదు.

సముద్రం దగ్గర వాళ్ళు ఫోటోలు దిగుతుంటే మేమిద్దరం ఒక గోడ నీడన కూర్చున్నాం. పులిహోర డబ్బా విప్పాను. ఆయన ఆకలి మీద ఉన్నాడు.

"చూసినవానే నేను తోలంగ?"

"చూసిన. నీ ముంగట నిలవడి చూసిన."

ఆయన నమలడం ఆపాడు.

"బావను లేపుమంటవా? పెద్దమనిషాయె. తోవ చెప్పేటోడాయె."

"తోవ నేను చెప్పరాదా?"

"ఆ ఫోన్ల ఇంగ్లీషు నీకు ఎట్లొస్తదే. నీకు వచ్చిన నాలుగు అక్షరాలు ఇక్కడ ఏడ పనికొస్తయి," అన్నాడు. తిట్టినట్టు అనలేదు, మామూలుగా అన్నాడు, ఎండ ఎక్కువగా ఉన్నది అన్నట్టు.

నేను డబ్బా మూత పెట్టాను. ఆయన చేతిలో ఉన్నది తిన్నాడు. మళ్ళీ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో మరిదికి ఏం తోచిందో తన ఫోను తీసి ఏదో నొక్కాడు. అందులో నుంచి ఒక ఆడమనిషి తెలుగులో మాట్లాడింది. ఐదు వందల మీటర్ల తరువాత కుడివైపు తిరగండి అన్నది. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆమె రేడియోలో వార్తలు చదివినట్టు చెప్తున్నది. తిరగండట, మర్యాదగల మనిషి అన్నది చెల్లె. మా ఆయన ఆమె చెప్పినట్టే కుడికి తిరిగాడు. తోవ సరిగ్గానే ఉన్నది. ఒక మలుపు, ఇంకో మలుపు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒకసారి పెద్ద బావ ఎడమ అన్నాడు, ఆమె కుడి అన్నది. కుడే నిజమయింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

పెట్రోలు పోసుకోవడానికి ఆపినప్పుడు నేను దిగి ముందు తలుపు దగ్గరికి పోయాను.

"బావా, ఇగ తోవ ఆమె చెప్తున్నది, తెలుగుల. నాకు తెలుగొస్తది. నువ్వు అక్క పక్కన కూసో."

పెద్ద బావ నన్ను చూడలేదు. మా ఆయనను చూశాడు. తరగతిలో ఎవరిదో గొంతు లేస్తే లీడరు వంక చూసినట్టు చూశాడు. అవి సరిగ్గ చెప్తయో చెప్పయో, నమ్మరాదు, ఇంకొక గంటనే గదా అన్నాడు.

అప్పటికీ నేను తలుపు పట్టుకునే ఉన్నాను. తోవ చూపాలి అన్న సాకు పోయింది. ఇంగ్లీషు రాదన్న సాకు పోయింది. ఇక మిగిలింది మా ఆయన నోటి మాట ఒక్కటే. ఒక్క మాట అంటే బావ దిగుతాడు. తాళం మా ఆయన చేతిలో ఉన్నది, ఆయన తోలకపోతే అందరం అక్కడే పడి ఉంటాం. అంత బలం ఆయనకు ఇంతకుముందు ఎప్పుడూ లేదు, ఇకముందు ఉండదు.

"ఉండనియ్యవే," అన్నాడు.

నేను తలుపు వదిలి వెనకకు పోయాను.

తరవాత రెండు రోజులు కూడా అక్కడ ఉన్నాం. రెండు పొద్దులూ నేను దిగి బండి చుట్టూ చూసి, ముందు నిలబడి చెయ్యి ఎత్తాను. ఎత్తనని అనవచ్చు. పక్కింటి ఆయన నిద్ర గుర్తొచ్చి ఎత్తాను. ఆ రెండు రోజులూ ఆయన బయటికి రాలేదు. బాగా పడుకున్నాడనుకుంటాను. ఈ మొత్తం ప్రయాణంలో నా వల్ల ఎవరికన్నా సుఖం దొరికిందంటే ఆ ముఖం తెలియని మనిషికే.

భూపాలపల్లికి వచ్చాక మా ఆయన తీరు మారింది. పొద్దున చాయ్ హోటల్ దగ్గర, సాయంత్రం గుడి అరుగు మీద, పాత దోస్తులకు మస్కట్ ముచ్చట చెప్తాడు. ఎడమ స్టీరింగు, అద్దంలాంటి రోడ్లు, సముద్రం. చివరికి ఎప్పుడూ ఒక మాట కలుపుతాడు. మా ఆమెను పక్కన కూసోబెట్టుకుని తోలిన, దానికి ఎన్నేండ్ల కోరికనో అంటాడు. వాళ్ళు ఇంటికి వచ్చి, అదృష్టవంతురాలివి అక్కా అని నాతో అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేను పొయ్యి దగ్గర ఉన్నాను. బయటికి వచ్చి, నేను ఎన్క సీట్ల ఉన్న అని చెప్పాను. ఆయన తడబడలేదు.

"శనివారం పొద్దుగాల ముంగట కూసోలేదా? బెల్టు గూడ పెట్టుకోలేదా?"

కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. అది నిజమే. బండి కదలలేదు, అదీ నిజమే. ఆయన ఆ రెండో సగం మరిచిపోయాడు. అబద్ధం ఆడుతున్నాడని నేను అనను. అట్లా జరిగిందనే ఆయన మనసులో కుదిరిపోయింది. ఇంకొన్ని రోజులు పోతే నా మనసులో కూడా కుదురుతుందేమోనని భయం వేసి ఇది రాస్తున్నాను. ఆయన చదవడు. చదివినా, దీనికింత రాతనా అంటాడు.

జనగామకు నేను ఆ తరవాత పోలేదు. అక్క ఫోను చేస్తుంది, ఈసారి ఇంకో దేశం అనుకుంటున్నారు బావ అని. మీరు పొండి అంటాను. ఎందుకు రావో అడగదు.

శనివారం నాడు సూర్ పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, ఆ బండిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. స్టీరింగు దగ్గర మా ఆయన. ఆయన పక్కన జనగామ పెద్ద బావ. మధ్య సీట్లో కాళ్ళు చాపుకుని మా అక్క, దాని పక్కన మా చెల్లె, ఈ చివర మానుకోట మరిది. చివరి సీట్లో సంచులతో నేను. బండి బయట, తలుపు దాకా వచ్చి పోయిన పక్కింటి ఆయన ఒకరు. ఇంకెవరూ లేరు.